దీనికి సూదెందుకు? గైనిక్ గదిలో నొప్పి, కులం, సమ్మతి

(సావిత్రిబాయి ఫూలే వర్ధంతి సందర్భంగా ఒక విశ్వవిద్యాలయ మహిళా హాస్టల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



సావిత్రిబాయి 1897 మార్చి 10న చనిపోయారు. పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగు సోకి చనిపోయారు. మనం ఆమెను చదువుల తల్లిగా తలుచుకుంటాం, ఆమె చివరి పని మాత్రం వైద్యం. అంటరాని పిల్లవాడి ఒంటిని ముట్టుకుని, ఎత్తుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళిన పని. అందుకే ఈ రోజు ఆసుపత్రి గురించి మాట్లాడతానని నిర్వాహకులను అడిగాను. నేను డాక్టర్ని కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో స్త్రీలకు అందే పునరుత్పత్తి ఆరోగ్య సేవల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మందుల గురించి నేను చెప్పబోయేది మీరు డాక్టర్ దగ్గర ప్రశ్న వేయడానికి పనికొస్తుంది, సొంత వైద్యానికి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త ధైర్యం.

మాట్లాడబోయే విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఆసుపత్రి వాళ్ళు కూడా దాన్ని చిన్నదనే అంటారు, 'మైనర్ ప్రొసీజర్' అని. కాపర్-టి వేయడం. గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపడం. పిల్లలు కలగడం లేదని వెళ్తే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జి. అబార్షన్ కోసమో, గర్భం పోయాక లోపల మిగిలింది తీయడానికో చేసే ఎమ్‌విఎ. హిస్టరోస్కోపీ. కాన్పు తర్వాత వేసే కుట్లు. వీటిలో చాలావాటికి పెద్ద థియేటర్ ఉండదు, మత్తు డాక్టర్ రారు. ఓపీ పక్కన ఒక గది, ఒక పచ్చ కర్టెన్, కాళ్ళు పైకి పెట్టే బల్ల. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాల గురించే నా ప్రసంగమంతా.

ఫీల్డ్‌వర్క్‌లో నేను కలిసిన ఒకామెకు ముప్ఫయ్యేళ్ళుంటాయి. మాదిగ స్త్రీ, పత్తి చేలో కూలికి పోతుంది. గర్భం పోయి, ముక్కలు లోపలే మిగిలాయని ఎమ్‌విఎ చేశారు. "సూది ఏస్తరా మేడం అని అడిగిన. ఇద్దరు పిల్లల్ని కన్నవు, దీనికి సూదెందుకు అన్నది. నేను అరిసిన. మొగని పక్కన పన్నప్పుడు అరిసినవా అన్నది ఇంకొకామె." ఆమె ఇదంతా కోపంగా చెప్పలేదు. రేషన్ షాపులో బియ్యం తక్కువ తూచారని చెప్పినట్టు చెప్పింది. నాకు ఎక్కువ కష్టమనిపించింది ఆ గొంతే. జరగాల్సిందే జరిగిందన్నట్టుగా ఉంది.

ముందు శరీరం సంగతి చూద్దాం.

గర్భాశయ ముఖద్వారానికి, అంటే సెర్విక్స్‌కు స్పర్శే ఉండదని చాలాకాలం నమ్మారు. 1953లో వచ్చిన కింజీ నివేదిక ఆ నమ్మకానికి బలమిచ్చింది. మెల్లగా తాకి చూసి, తెలియడం లేదన్నారు కాబట్టి అక్కడ నరాలు లేవనుకున్నారు. తాకడం వేరు. టెనాక్యులమ్ అనే కొక్కెంలాంటి పరికరంతో పట్టి లాగడం, సన్నని కడ్డీ లోపలికి పంపి గర్భసంచి లోతు కొలవడం, ముఖద్వారాన్ని వెడల్పు చేయడం వేరు. ముఖద్వారం నుంచి వచ్చే నొప్పి వెన్ను అడుగునున్న ఎస్2 నుంచి ఎస్4 వరకు ఉన్న నరాల ద్వారా వెళ్తుంది. గర్భసంచి పైభాగం నొప్పి ఇంకా పైన టి10 నుంచి ఎల్1 దాకా ఉన్న నరాల ద్వారా వెళ్తుంది. అంటే దారులు రెండు. ఒక సూదితో రెండు దారులూ మూసుకుపోవు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది. కొందరికి ముఖద్వారాన్ని కదిలించగానే నాడి పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరుగుతాయి. అది భయం వల్ల వచ్చే నాటకం కాదు, శరీరం చేసే పని.

ఇప్పుడు ఆ 'పిల్లల్ని కన్నదానివి' అనే తర్కానికి వద్దాం. అందులో కొంత నిజముంది. సహజ కాన్పు అయిన వారికి కాపర్-టి వేసేటప్పుడు సగటున నొప్పి తక్కువగా ఉంటుంది. సగటున అన్నాను. బల్ల మీద పడుకున్న మనిషి సగటు కాదు. పైగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. నొప్పులు రాకముందే కోసి బిడ్డను తీస్తే ముఖద్వారం తెరుచుకున్నదే లేదు. పిల్లలున్నారు కాబట్టి నొప్పి ఉండదనే లెక్క ఆ తల్లి విషయంలో వైద్యపరంగానే తప్పు. కేసు షీటులో కాన్పు ఎలా అయిందో రాసే ఉంటుంది, పేజీ తిప్పితే తెలుస్తుంది.

నొప్పిని డాక్టర్లు తక్కువగా అంచనా వేయడం మన దగ్గరే జరుగుతున్న పని కాదు. కాపర్-టి వేసేటప్పుడు స్త్రీ చెప్పిన నొప్పి కన్నా వేసినవారి అంచనా తక్కువగా ఉంటుందని అధ్యయనాలు చూపించాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఫెర్టిలిటీ క్లినిక్‌లో 2020లో ఒక నర్సు ఫెంటనిల్ అనే నొప్పి మందును దొంగిలించి, ఆ సీసాల్లో సెలైన్ నింపి పెట్టింది. అండాలు బయటికి తీసే సమయంలో స్త్రీలు నొప్పి నొప్పి అని మొత్తుకున్నారు. మందులో లోపం ఉందేమోనని నెలల తరబడి అక్కడ ఎవరికీ తట్టలేదు. డబ్బూ చదువూ ఉన్నవాళ్ళు, చాలామంది తెల్లవాళ్ళు. వాళ్ళ మాటకే ఆ విలువ దక్కితే, పత్తి చేలోంచి వచ్చిన మనిషి మాటకు ఎంత దక్కుతుంది?

ఇక్కడ మనకు చరిత్ర కావాలి. ఆధునిక గైనకాలజీ పితామహుడిగా చాలాకాలం పొగిడించుకున్న జె. మేరియన్ సిమ్స్, 1845 నుంచి 1849 వరకు అలబామాలోని మాంట్‌గోమరీలో బానిస స్త్రీల మీద ఆపరేషన్లు చేశాడు. కాన్పులో చిరిగిపోయి మూత్రం కారే ఫిస్టులాను కుట్టే పద్ధతి కోసం. మూడు పేర్లు మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. ఒక్క అనార్కా మీదే సుమారు 30 సార్లు. మత్తు లేదు. 1846లో బోస్టన్‌లో ఈథర్‌ను అందరి ముందు వాడి చూపించారు కాబట్టి ఆ తర్వాతి ఆపరేషన్లకైనా మత్తు ఆలోచన లోకంలో ఉంది. 1853 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రాణి విక్టోరియా ఎనిమిదో కాన్పుకు జాన్ స్నో క్లోరోఫామ్ ఇచ్చాడు. రాణి తీసుకున్నాక కాన్పు నొప్పికి మందు తీసుకోవడం మర్యాద అయింది. రాణి నొప్పి నొప్పే. అనార్కా నొప్పి మాత్రం ఓర్పు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు పక్కనున్న సిమ్స్ విగ్రహాన్ని 2018లో తీసేశారు. విగ్రహం కిందనున్న నమ్మకం ఇంకా పోలేదు. 2016లో అమెరికాలో హాఫ్‌మన్ బృందం అచ్చువేసిన అధ్యయనంలో తెల్లజాతి వైద్య విద్యార్థుల్లో, జూనియర్ డాక్టర్లలో దాదాపు సగం మంది నల్లవారి శరీరం గురించి ఏదో ఒక అబద్ధాన్ని నిజమనుకున్నారు. వాళ్ళ చర్మం మందం లాంటివి. అలా నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పికి తక్కువ అంకె వేశారు, చికిత్స సూచించడంలోనూ తడబడ్డారు.

మన దగ్గర ఈ నమ్మకానికి వేరే భాష ఉంది. 'వీళ్ళు గట్టివాళ్ళు', 'పొలం పని చేసే ఒళ్ళు', 'లంబాడీ వాళ్ళకు ఓపిక ఎక్కువ', 'తట్టుకుంటారు'. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది. ఎండలో పని చేయించడానికి వాడిన పొగడ్తనే మత్తు సూది ఎగ్గొట్టడానికీ వాడతారు. బాబాసాహెబ్ చెప్పిన అంతరాల అసమానత ఇక్కడ కళ్ళకు కడుతుంది. అసమానత రెండు మెట్లది కాదు, మెట్టు మీద మెట్టు. కార్పొరేట్ ఆసుపత్రిలో హిస్టరోస్కోపీకి షార్ట్ జనరల్ అనస్థీషియా ప్యాకేజీలోనే ఉంటుంది. మధ్యతరగతి నర్సింగ్ హోమ్‌లో అడిగితే దొరుకుతుంది, బిల్లు పెరుగుతుంది. ప్రభుత్వాసుపత్రిలో అడిగితే 'దీనికి సూదెందుకు'. క్యాంపులో అడిగే సందే ఉండదు.

ఒక పక్క ముచ్చట చెప్పనివ్వండి, మన ఊరిది కాబట్టి. మత్తుమందు చరిత్రలో హైదరాబాద్‌కు పెద్ద పేరుంది. క్లోరోఫామ్ గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న వాదం తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఒకటి, నిజాం ప్రభుత్వం డబ్బుతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. నడిపింది ఎడ్వర్డ్ లారీ. ఆ రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. లోకానికి మత్తు పాఠం చెప్పిన నగరం మనది. ఆ నగరానికి గంట ప్రయాణంలో ఉన్న ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. వాళ్ళు చనిపోయింది నొప్పి వల్ల కాదు, ఇన్ఫెక్షన్ వల్ల అన్నారు. నిజమే. కానీ పరికరం శుభ్రం చేయడానికి సమయం ఇవ్వని వేగమే, సూది పనిచేసేదాకా ఆగడానికీ సమయం ఇవ్వదు.

కు.ని. క్యాంపుల చరిత్రను నేను నొప్పి చరిత్రగా కూడా చదువుతాను. 2012 జనవరిలో బీహార్ అరరియా జిల్లాలోని ఒక బడిలో, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో, బెంచీల మీద రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఒకే సర్జన్ ఆపరేషన్లు చేశాడు. దాని మీద వేసిన దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో క్యాంపులకు స్వస్తి చెప్పమంది. ఈ మధ్యలో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో మూతపడ్డ ఆసుపత్రి భవనంలో ఒకే డాక్టర్ కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు. ఆ జిల్లాలో ఆ కొద్ది రోజుల క్యాంపుల తర్వాత 13 మంది చనిపోయారు, ఎక్కువ మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. లోకల్ అనస్థీషియా ఇచ్చాక అది పట్టేదాకా ఆగాలి. 83ని గంటలతో భాగిస్తే ఆ ఆగడం ఎక్కడ దూరుతుంది? 2022 నవంబరులో బీహార్ ఖగడియా జిల్లా నుంచి వచ్చిన వార్త మీకు గుర్తుండొచ్చు. మత్తు ఇవ్వకుండానే కోశారని, కేకలు పెడుతుంటే కాళ్ళూ చేతులూ పట్టుకున్నారని అక్కడి స్త్రీలు చెప్పారు. కోర్టు పెట్టిన మూడేళ్ళ గడువు అప్పటికే దాటి మూడేళ్ళు.

దేశంలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 38 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 దాటింది. మగవారి ఆపరేషన్ దేశం మొత్తం మీద 0.3 శాతం. వేసెక్టమీ చిన్నది, సులువైనది, పొట్ట తెరవనక్కర్లేదు. దాని గురించి ఒక్క మాట అంటే చాలు, మగవాళ్ళ నొప్పి గురించి, బలహీనత గురించి ఊరంతా మాట్లాడుతుంది.

ఇక్కడ బాబాసాహెబ్ దగ్గరికి వెళ్ళాలి. 1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ సౌకర్యాలు ప్రభుత్వం కల్పించాలని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ఒక తీర్మానం తెచ్చింది. ఆయన రాలేకపోవడంతో పి.జె. రోహమ్ ప్రవేశపెట్టారు. ఆ ప్రసంగం అంబేడ్కర్ రచనల సంపుటాల్లో ఉంది, చదవండి. అందులో ఆర్థిక వాదనలున్నాయి, ఆరోగ్య వాదనలున్నాయి. నన్ను ఆపేసింది మాత్రం నొప్పి మీది వాదన. కాన్పు బాధ మగవాడు పడాల్సి వస్తే ఒక బిడ్డను మించి ఎవడూ ఒప్పుకోడన్న అర్థంలో ఆ ప్రసంగం సాగుతుంది. తీర్మానం ఓడిపోయింది. కానీ మన రాజకీయ వారసత్వంలో స్త్రీ శారీరక బాధ ఒక చట్టసభ వాదనగా నిలబడింది. దాన్ని ఓర్చుకోవాల్సిన ధర్మంగా, త్యాగంగా అక్కడ చూడలేదు. తగ్గించవలసిన బాధగా చూశారు. ఆయన అడిగింది స్త్రీ చేతికి సాధనం. తర్వాత ప్రభుత్వాలు ఇచ్చింది టార్గెట్. 1965లో లిప్పీస్ లూప్‌ను దేశమంతా దింపినప్పుడు రక్తస్రావం, నొప్పి అంటూ వచ్చిన స్త్రీలను సరిగా పట్టించుకోలేదు. చివరికి ఆ లూప్ మీద జనానికే నమ్మకం పోయింది. నొప్పిని పట్టించుకోకపోతే మీ కార్యక్రమమే కూలుతుందని అధికారులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మానవత్వం పేరుతో వినకపోతే లెక్కల పేరుతోనైనా వింటారేమో.

సరే, ఏం చేయవచ్చు? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను. ఎందుకంటే 'మందు లేదు' అనే జవాబు చాలాసార్లు నిజం కాదు, 'ఈ మందుతో నొప్పి మాయం' అనేదీ నిజం కాదు.

లిగ్నోకైన్ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మనం జైలోకైన్ అంటాం చూడండి, అదే. వయల్ ఖరీదు ఒక ప్లేటు బిర్యానీ కన్నా తక్కువ. సెర్విక్స్ పక్కన దాన్ని సూదితో ఇస్తే పారాసెర్వైకల్ బ్లాక్ అంటారు. ముఖద్వారం వెడల్పు చేసే పనుల్లో అది బాగా పనిచేస్తుంది. 14 వారాల లోపు సర్జికల్ అబార్షన్‌కు ఈ బ్లాక్ ఇవ్వాలని, నొప్పి మందును అందరికీ ఇవ్వజూపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఉంది. తేలికపాటి మత్తు సౌకర్యం ఉన్నచోట బ్లాక్‌తో పాటు అదీ ఒక ఎంపికగా ఇవ్వమంది. జనరల్ అనస్థీషియాను మాత్రం మామూలు పద్ధతిగా చేయొద్దంది. అంటే మత్తు డాక్టర్ లేరన్నది సాకుగా నిలబడదు. ఈ బ్లాక్‌కు మత్తు డాక్టర్ అక్కర్లేదు, శిక్షణ పొందిన డాక్టర్ చాలు.

ఇందాక రెండు దారులని చెప్పాను కదా. బ్లాక్ ప్రధానంగా కింది దారిని మూస్తుంది. గర్భసంచి పైభాగం ముడుచుకున్నప్పుడు వచ్చే నొప్పికి ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, కీటోరొలాక్ జాతి మందులు కావాలి. అవి నోటితో వేసుకుంటే అరగంట, గంట ముందు వేసుకోవాలి. బల్ల ఎక్కాక ఇస్తే ఇంటికెళ్ళాక పనిచేస్తుంది. పైగా కాపర్-టి వేసే క్షణంలోని నొప్పిని ఐబుప్రొఫెన్ పెద్దగా తగ్గించదని పరీక్షల్లో తేలింది. నాప్రోక్సెన్ లాంటివి తర్వాత వచ్చే మెలిపెట్టే నొప్పికి బాగా సాయపడతాయి. మిసోప్రోస్టాల్ ముందుగా ఇస్తే సులువవుతుందని కొందరు ఇస్తుంటారు. మామూలు కాపర్-టికి అది నొప్పి తగ్గించదు, కడుపునొప్పి, విరేచనాలు అదనం. సూది అంటే భయపడేవారికి లిగ్నోకైన్ స్ప్రే, క్రీమ్ ఉన్నాయి. వాటికి కొన్ని నిమిషాలు ఆగాలి. మళ్ళీ ఆ ఆగడం దగ్గరికే వచ్చాం.

ఇక మోతాదు. సాధారణంగా చెప్పేది ఒక శాతం లిగ్నోకైన్ 20 మిల్లీలీటర్లు, అంటే 200 మిల్లీగ్రాములు. మామూలు లిగ్నోకైన్‌కు దాటకూడని హద్దు కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు. మన కూలి స్త్రీ బరువు 40 కిలోలు అనుకోండి. ఆమె హద్దు 180. పుస్తకంలో ఉన్న 20 మిల్లీలీటర్లు ఆమెకు ఎక్కువ. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది రెండు శాతం వయల్. దాన్ని పలచన చేయకుండా అంతే ఇస్తే 400, అది ప్రమాదం. ఆమె పోషణ లోపం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కాబట్టి నేను అడిగేది కళ్ళు మూసుకుని అందరికీ సూది పొడవమని కాదు. ముందు ఆమెను తూచండి, లెక్క వేయండి, ఇచ్చాక కొన్ని నిమిషాలు ఆగండి. ఆ శ్రద్ధ దక్కడమే ఇక్కడ అసలు విషయం.

పెద్ద సంస్థలు కూడా ఆలస్యంగానైనా కదిలాయి. 2024 ఆగస్టులో అమెరికా సీడీసీ, కాపర్-టి లాంటివి వేసే ముందు నొప్పి గురించి, దాన్ని తగ్గించే మార్గాల గురించి ప్రతి ఒక్కరితో మాట్లాడాలని, లిగ్నోకైన్ ఉపయోగపడవచ్చని రాసింది. 2025 మేలో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం ఏకాగ్, ఓపీలో చేసే గర్భసంచి, సెర్విక్స్ ప్రొసీజర్లన్నిటి మీద ఒక పత్రం తెచ్చింది. నొప్పిని తక్కువ చేసి చూడొద్దని, మార్గాలు చెప్పి ఎంచుకోనివ్వమని, జాతి వివక్ష నొప్పి వైద్యాన్ని ప్రభావితం చేస్తోందని అందులో ఒప్పుకుంది. బ్రిటన్‌లో హిస్టరోస్కోపీ నొప్పి మీద స్త్రీలే ఉద్యమం చేశారు. మన దేశపు గైనిక్ చర్చల్లో ఏకాగ్ పేరు తెగ వినిపిస్తుంది. ఆ జాతి అనే మాట దగ్గర కులం అనే మాట పెట్టి చదివే ధైర్యం ఎవరు చేస్తారో చూడాలి.

సమ్మతి గురించి కొంచెం. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది గైనిక్ విషయమే. పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీకి ఒప్పుకున్న ఆమెకు, మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదంది కోర్టు. రోగికి విషయం తెలిసేలా చెప్పాలంది. నాకు ఈ తీర్పు నుంచి ఇంకో అడుగు వేయాలనుంది. నొప్పి ఎంత ఉండవచ్చు, తగ్గించడానికి ఏమేం ఉన్నాయి, మధ్యలో ఆపమంటే ఆపుతారా అన్నవి చెప్పకుండా తీసుకున్న సంతకం పూర్తి సమ్మతి ఎలా అవుతుంది? నేను చూసిన ఫారాల్లో రక్తస్రావం గురించి ఉంది, ఇన్ఫెక్షన్ గురించి ఉంది, 'ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు' అని ఉంది. నొప్పి అనే మాట లేదు. వేలిముద్ర వేసే చోటు మాత్రం చక్కగా గీసి ఉంది. కాన్పు కాగానే వేసిన కాపర్-టి సంగతి నెలల తర్వాత తెలిసిన స్త్రీలు కూడా నా ఇంటర్వ్యూల్లో ఉన్నారు. కాపర్-టి వేసినందుకు వేసినవారికి ఇంత, తీసుకొచ్చిన ఆశాకు ఇంత అని ప్రోత్సాహకం ఉంటుంది. నొప్పి లేకుండా వేసినందుకు ఎవరికీ రూపాయి లేదు.

ఆ గదిలో పనిచేసే మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సూదెందుకు అన్న సిస్టర్ చాలాసార్లు మన కులం అమ్మాయే, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, జీతం మూడు నెలలకోసారి వస్తుంది, బయట నలభై మంది వరుసలో ఉన్నారు. ఆమె నోటి నుంచి ఆ బూతు మాట వచ్చిందంటే పక్కవాళ్ళు అనగా విని నేర్చుకున్నదే. పురుడు పోయడం, బొడ్డు కోయడం, మైల గుడ్డలు ఉతకడం మన మంత్రసానులకు అప్పగించిన సమాజం, అదే పనికి తెల్ల కోటు వచ్చాక వాళ్ళను గది బయట ఊడ్చే పనికి పంపింది. ఆ మంత్రసానుల చేతికి మత్తు సూది లేదు. కానీ నడుం నిమిరేవారు, పేరు పెట్టి పిలిచేవారు. మాటతో, స్పర్శతో ధైర్యం చెప్పడం నొప్పి వైద్యంలో భాగమని వైద్యపత్రాలు ఇప్పుడు రాస్తున్నాయి. అది మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు. బదులుగా వాడటం పేదవాళ్ళ దగ్గర చాలా తేలిక.

ఇక్కడున్నవాళ్ళలో ఎంబీబీఎస్, నర్సింగ్ విద్యార్థులున్నారు, సోషల్ సైన్స్ వాళ్ళున్నారు, లా వాళ్ళున్నారు. మీకు పని చెప్పి ముగిస్తాను. రిజిస్టర్లలో కేసుల సంఖ్య ఉంటుంది, నొప్పి కాలమ్ ఉండదు. సున్నా నుంచి పది వరకు ఆమె చెప్పిన అంకె, ఇచ్చిన మందు, ఇచ్చిన సమయం అనే మూడు గడులు చాలు. ఆ మూడు గడుల్ని కులం, వయసు, కాన్పు రకంతో కలిపి చదవగలిగిన రోజున ఇవాళ నేను ఒకామె మాటగా చెప్పింది గణాంకంగా చెప్పవచ్చు. కుల వివరాలు లేని ఆరోగ్య డేటా ఎవరిని కాపాడుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. లా విద్యార్థులు ఆర్‌టీఐ వేయండి. మీ జిల్లా ఆసుపత్రి గైనిక్ ఓపీకి గత ఏడాది ఎన్ని లిగ్నోకైన్ వయల్స్ వచ్చాయి, ఎన్ని ఎమ్‌విఎలు జరిగాయి అని. రెండు అంకెలు పక్కపక్కన పెడితే సగం విషయం తెలుస్తుంది. మెడికోలు, మీ ప్రొఫెసర్‌ను అందరి ముందు అడగండి, 'సార్, బ్లాక్ ఇచ్చి ఎన్ని నిమిషాలు ఆగాలి' అని. ఆగమన్న పాఠం మీకు నేర్పుతున్నారో లేదో అక్కడే తేలుతుంది.

ఒక పీహెచ్‌సీలో నేను చూసిన సిస్టర్ ఒకామె మొదలుపెట్టే ముందు, "అక్కా, నీ చెయ్యి పైకి లేపితే నేను ఆపేస్తా, మళ్ళీ నువ్వు ఊ అంటేనే మొదలుపెడతా" అంటుంది. ఆ పూట నలుగురికి కాపర్-టి వేసింది. ఒక్కరు చెయ్యి ఎత్తారు. సిస్టర్ ఆపింది. అర నిమిషం గడిచాక బల్ల మీది ఆమే "ఇగ కానీయ్ బిడ్డా" అంది.

నా దగ్గర డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్నలతో తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం ఉంది, తలుపు దగ్గర పెట్టాను, మీ అమ్మలకు, వదినలకు కూడా తీసుకెళ్ళండి. ఇప్పుడు మీరు అడగండి. అందరి ముందు అడగలేనివి ఉంటే భోజనాల దగ్గర అడగండి, నేను చివరిదాకా ఉంటాను.

జై భీమ్. జై సావిత్రి.